మూడు మడతల కాగితం: ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ తరగతుల వల్ల ఒరిగేదేమిటి, ఒరగనిదేమిటి

(ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగానికి లిఖితరూపం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సహోపాధ్యాయులందరికీ నమస్కారం.

ఉపాధ్యాయుల వృత్తి వికాసానికి ఆన్‌లైన్ తరగతులు ఎంతవరకు పనికొస్తాయో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది ఒక కాగితపు పట్టీ. అయిదో తరగతి పిల్లలకు భిన్నాలు ఎలా చెప్పాలన్న అంశం మీద కొన్నేళ్ల కిందట నేనొక ఆన్‌లైన్ శిక్షణలో చేరాను. సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా అని అడిగితే, రెండు కంటే మూడు పెద్దది కాబట్టి మూడో వంతే పెద్దదని పిల్లలు చెప్పడం మనందరికీ అనుభవమే. ఆ శిక్షణలో శిక్షకురాలు ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు తీసుకుని, ఒకదాన్ని రెండు సమభాగాలుగా, రెండోదాన్ని మూడు సమభాగాలుగా మడిచి, ఒక్కో భాగాన్ని పక్కపక్కన పెట్టి చక్కగా చూపించారు. నాకు బాగా అర్థమైంది. చివర ఇచ్చిన ప్రశ్నలన్నింటికీ సరైన జవాబులు గుర్తించాను, సర్టిఫికెట్ కూడా వచ్చింది.

మర్నాడు తరగతిలో పిల్లల చేతికి పట్టీలిచ్చాను. సగానికి మడవడం అందరికీ వచ్చింది గానీ, మూడు సమభాగాలుగా మడవడం అంత తేలిక కాదని అప్పుడు గాని నాకు తెలియలేదు. చాలామంది పట్టీని ముందు సగానికి మడిచి, ఆ రెండు సగాల్లో ఒకదాన్ని మళ్లీ సగం చేసి, మూడు భాగాలు వచ్చేశాయన్నారు. ఒక పాప ఆ మూడింటిలో పెద్ద ముక్కను పట్టుకుని, మూడో వంతు కూడా సరిగ్గా సగమంతే ఉంది కదా సార్ అని అడిగింది. ఆ క్షణంలో ఏ ప్రశ్న వేస్తే తన పొరపాటును తానే పట్టుకోగలదో నాకు తోచలేదు. పిల్లల దగ్గర పట్టీలు వెనక్కి తీసుకుని, నల్లబల్ల మీద బొమ్మ గీసి, జవాబు నేనే చెప్పేశాను. శిక్షకురాలు చెప్పినదాంట్లో తప్పు లేదు, నేను విన్నదాంట్లోనూ తప్పు లేదు. కానీ ఆ శిక్షణ మొత్తంలో నేను ఒక్కసారి కూడా కాగితం మడవలేదు.

ఆ తర్వాత చాలాకాలానికి అదే అంశం మీద మరో ఆన్‌లైన్ తరగతికి వెళ్లాను. అక్కడి శిక్షకుడు మొదటే పట్టీలు దగ్గర పెట్టుకోమని చెప్పి, మూడు భాగాలుగా మడిచి ఎవరికి వారు కెమెరా ముందు పట్టుకోమన్నారు. తెర మీద చిన్నచిన్న గడుల్లో పట్టీలన్నీ కనిపించాయి, వాటిలో ఒక ఉపాధ్యాయుడి పట్టీ అచ్చం మా పాప మడిచినట్టే ఉంది. శిక్షకుడు తక్కిన పాఠాన్ని ఆపి, చాలాసేపు ఆ ఒక్క పట్టీ మీదే మాట్లాడించారు. ఆ భాగాలను కత్తిరించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడమనాలని ఒకరన్నారు. అసలు భాగాలు సమానంగా ఉండాలన్న మాట మన ప్రశ్నలో ఉందా అని మరొకరు అడిగారు. తరగతిలో నేను తడబడిన చోటు ఏమిటో అక్కడ నాకు తెలిసింది.

ఈ రెండూ ఆన్‌లైన్ తరగతులే. సాధనం ఒకటే, ఇంటర్నెట్ ఒకటే, నేనూ ఒకణ్ణే. అందువల్ల ఆన్‌లైన్ మంచిదా, ముఖాముఖి మంచిదా అన్న ప్రశ్నతో మొదలుపెడితే మనం దారి తప్పుతామని నా నమ్మకం. ఉపాధ్యాయుడు నేర్చుకోవలసిన వాటిలో ఏది తెర మీదుగా వస్తుంది, ఏది రాదు, రానిదాన్ని రప్పించడానికి ఏం చేయాలి అన్నదే నేను ఈ పూట మీ ముందు పెట్టదలచుకున్న విషయం.

ఉపాధ్యాయుడికి కావలసిన జ్ఞానం ఒక్క రకం కాదు. పాఠ్యాంశం తెలిసి ఉండడం ఒకటి, బోధన పద్ధతులు తెలిసి ఉండడం మరొకటి. ఈ రెండూ కలిసేచోట మూడోది ఒకటి ఉందని అమెరికన్ విద్యావేత్త లీ షుల్‌మన్ 1986లో వివరించారు. ఒక నిర్దిష్టమైన అంశాన్ని నేర్చుకునేటప్పుడు పిల్లలు ఎక్కడ తడబడతారు, ఎందుకు తడబడతారు, ఏ ఉదాహరణ ఆ ముడిని విప్పుతుంది అన్నది ఆ మూడో జ్ఞానం. గణితం చదివిన ప్రతివారికీ భిన్నాలు తెలుసు, కానీ మూడు మడతల దగ్గర పిల్లల చెయ్యి ఎటు పోతుందో భిన్నాలు చెప్పేవారికే తెలియాలి.

వృత్త్యంతర శిక్షణ, అంటే ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు ఇచ్చే శిక్షణ గురించి బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే పరిశోధకులు 1980లో రాసినదాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. సిద్ధాంతం చెప్పడం, చేసి చూపించడం, శిక్షణలోనే అభ్యాసం చేయించడం, చేసినదాని మీద అభిప్రాయం చెప్పడం, చివరగా తరగతి గదిలో ఆ పద్ధతిని అమలుచేస్తున్నప్పుడు పక్కన ఒకరు తోడుండడం అని శిక్షణలోని అంగాలను వారు విడదీసి చూపారు. విన్నంత మాత్రాన, చూసినంత మాత్రాన కొత్త పద్ధతి తరగతి గదిలోకి రావడం అరుదని, చివరి అంగాలే దాన్ని అక్కడ నిలబెడతాయని వారి వాదన. అప్పటికి ఇంటర్నెట్ లేదు, అయినా నేటి ఆన్‌లైన్ శిక్షణల్లో ఎక్కువభాగం ఎక్కడ ఆగిపోతున్నాయో ఆ వరుస చూస్తే తెలుస్తుంది. మొదటి రెండు మెట్లను తెర బ్రహ్మాండంగా ఎక్కిస్తుంది. మూడో మెట్టు దగ్గర నిర్వాహకులు చెయ్యి వదిలేస్తారు.

మేళ్లను తక్కువచేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. దూరవిద్యకు, ఉపాధ్యాయులకు ఉన్న అనుబంధం పాతది. బ్రిటన్‌లో 1969లో ఏర్పడి, 1971లో తొలి విద్యార్థులను చేర్చుకున్న ఓపెన్ యూనివర్సిటీలో మొదటి ఏళ్లలో చేరినవారిలో ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో ఉన్నారు. బడి మానకుండా, జీతం పోగొట్టుకోకుండా చదువుకోవాలన్న అవసరం మన వృత్తిలో ఎప్పుడూ ఉంది. అయితే అక్కడ రేడియో, టెలివిజన్ పాఠాలతో సరిపెట్టలేదు, ప్రతి విద్యార్థికీ ఒక ట్యూటర్ ఉండేవారు, పంపిన అసైన్‌మెంట్లను దిద్ది వ్యాఖ్యలు రాసి తిరిగి పంపేవారు. ప్రసారాన్ని, ట్యూటర్‌ను కలిపి ఇచ్చిన ఆ ఏర్పాటును ఇవాళ్టి నిర్వాహకులు చాలామంది సగమే తీసుకున్నారు.

నా దృష్టిలో ఆన్‌లైన్ తరగతుల అన్నింటికంటే పెద్ద మేలు ఒంటరి ఉపాధ్యాయుడికి తోడు దొరకడం. చిన్న పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు ఒక్కరే ఉంటారు. విద్యుత్ వలయాల పాఠంలో, బల్బు దాటేసరికి కరెంటు తగ్గిపోతుందని పిల్లలు ఎందుకు పొరపడుతున్నారో మాట్లాడుకోవడానికి ఆ బడిలో ఆయనకు మరో మనిషి ఉండరు. ఉపాధ్యాయుల గదిలో భాషోపాధ్యాయులుంటారు, గణితోపాధ్యాయులుంటారు, అందరూ మంచివారే, కానీ ఈ సంగతి వారికి పట్టదు. అలాంటి మనిషికి వారానికో గంట తన సబ్జెక్టే చెప్పే పదిమందితో మాట్లాడే వీలు దొరకడం చిన్న విషయం కాదు. ముఖాముఖి శిక్షణల్లో అన్ని సబ్జెక్టులవారినీ ఒకే హాలులో కూర్చోబెట్టి, ఎవరికీ పూర్తిగా పనికిరాని సాధారణ విషయాలు చెప్పి పంపడం ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే ఒకే సబ్జెక్టు చెప్పే పాతికమందిని ఒకచోటికి చేర్చడానికి ప్రయాణాలు, బస, సెలవులు అన్నీ అడ్డొస్తాయి. తెరకు ఆ అడ్డంకి లేదు.

రెండో మేలు, పాఠాన్ని ఆపి మళ్లీ వినగలగడం. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మూడోది, హాలులో నలుగురి ముందు లేచి అడగడానికి జంకేవారు చాట్‌లో అడగగలగడం. ఇరవై ఏళ్ల అనుభవమున్న ఉపాధ్యాయుడికి, నాకు ఇది ఇప్పటికీ సరిగా అర్థం కాలేదండీ అని పైకి అనడం ఎంత కష్టమో ఈ సభలో ఉన్నవారికి నేను వివరించక్కర్లేదు.

సరిగా రూపొందిస్తే ఆన్‌లైన్ శిక్షణ ముఖాముఖి శిక్షణకు తీసిపోదనడానికి ఆధారం కూడా ఉంది. అమెరికాలో పర్యావరణ విజ్ఞానానికి సంబంధించిన ఒకే పాఠ్యప్రణాళిక మీద 49 మంది ఉపాధ్యాయులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ముఖాముఖిగా, మరో జట్టుకు ఆన్‌లైన్‌లో శిక్షణ ఇచ్చి పోల్చిన అధ్యయనం 2013లో వెలువడింది. ఉపాధ్యాయుల విషయంలోగాని, వారి విద్యార్థుల ఫలితాల్లోగాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒక్క విషయం మరవకూడదు. ఆ ఉపాధ్యాయులందరూ నేర్చుకున్నది వెంటనే తమ తరగతిలో చెప్పబోయే పాఠాలనే. శిక్షణకు, రేపటి పాఠానికి మధ్య దూరం లేదు.

ఇక కీడు సంగతి. కెమెరాలు ఆపేసి, మైకులు మ్యూట్‌లో పెట్టి, హాజరు పట్టీలో పేరు పడితే చాలనుకునే తరగతులు మనందరికీ తెలుసు. దానికి ఉపాధ్యాయులను నిందించడం నాకు సమ్మతం కాదు. రోజంతా బడిలో నిలబడి పాఠాలు చెప్పి వచ్చిన మనిషికి రాత్రి ఏడున్నరకు లింకు పంపి, రెండు గంటలు తెర ముందు కూర్చోమంటే, ఆ మనిషి వీడియోను ఆడించి వదిలేసి పక్కన జవాబు పత్రాలు దిద్దుకోవడంలో ఆశ్చర్యం లేదు. ముఖాముఖి శిక్షణకు పంపేటప్పుడు అది పనిలో భాగమని, ఆ రోజు పాఠాలు వేరొకరు చూడాలని అందరూ ఒప్పుకుంటారు. అదే శిక్షణ ఆన్‌లైన్‌కు మారేసరికి దానికి పనివేళల్లో చోటు లేకుండా పోయింది. ఖర్చు తగ్గిందని లెక్కలు వేస్తున్నారుగానీ, ఆ ఖర్చు ఉపాధ్యాయుడి సాయంత్రాల్లోకి, ఇంట్లో చిన్నపిల్లలున్న ఉపాధ్యాయినుల విషయంలో నిద్రవేళల్లోకి జరిగిందంతే. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

నిడివి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఉపాధ్యాయ శిక్షణకు, విద్యార్థుల ప్రగతికి ఉన్న సంబంధం మీద 2007లో వచ్చిన ఒక సమీక్షలో 1,300కు పైగా అధ్యయనాలను వడపోస్తే, కఠినమైన ప్రమాణాలకు నిలబడినవి 9 మాత్రమే తేలాయి. వాటిలో 14 గంటలకు మించి సాగిన శిక్షణలే విద్యార్థుల మీద స్పష్టమైన మంచి ప్రభావం చూపాయి. గంట వెబినార్లు వరుసగా పెట్టి, ఒక్కోదానికి ఒక్కో సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతికి ఈ లెక్క పొసగదు. పద్నాలుగు వేర్వేరు విషయాల మీద పద్నాలుగు గంటలు వినడమూ, ఒకే విషయం మీద పద్నాలుగు గంటలు పనిచేయడమూ ఒకటి కాదు గదా.

వేలాదిమందికి ఒకేసారి తెరిచిపెట్టే ఉచిత కోర్సులు 2012 ప్రాంతంలో కోర్సెరా, ఎడెక్స్ వంటి వేదికల ద్వారా ప్రపంచమంతా వ్యాపించాయి. వాటిలో చేరినవారిలో చివరిదాకా వచ్చేవారు చాలా కోర్సుల్లో 15 శాతం కూడా ఉండలేదు. కావలసినంత నేర్చుకుని వెళ్లిపోయేవారూ ఉంటారు కాబట్టి దాన్నంతా వైఫల్యమనలేం. ఆరు నిమిషాల లోపు వీడియోలనే ఎక్కువమంది శ్రద్ధగా చూస్తారని ఎడెక్స్ వీడియోల మీద 2014లో చేసిన పరిశీలనలో తేలింది. అప్పటినుంచి ప్రతి పాఠాన్నీ ఆరేసి నిమిషాల తునకలుగా కోయడం ఆనవాయితీ అయింది. చూడడానికి అది బాగానే ఉంటుంది. కానీ ఒక పిల్లవాడి తప్పు వెనుక ఉన్న ఆలోచనను పట్టుకోవడానికి ఉపాధ్యాయులు తమలో తాము చేసుకునే చర్చ ఆరు నిమిషాల్లో ముగియదు.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. ఆన్‌లైన్ సాధనాల వల్ల మనకు కలిగిన అసలు వరం ఎక్కడో ఉన్న నిపుణుడి ఉపన్యాసం మన ఇంటికి రావడం కాదని, మన తరగతి గది మన కళ్లకే కనిపించడమని నేననుకుంటాను.

ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు జవాబు కోసం ఎంతసేపు ఆగుతారో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో టేపులు పెట్టి కొలిచారు. సగటున ఒక సెకను, లేదా అంతకంటే తక్కువ. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయని, తమంతట తాము మాట్లాడేవారు పెరుగుతారని, తెలియదనే జవాబులు తగ్గుతాయని ఆమె చూపించారు. ఈ సంగతి నాకు శిక్షణ కళాశాల రోజులనుంచీ తెలుసు, నేను ఇతరులకు చెప్పాను కూడా. ఒక ఆన్‌లైన్ కోర్సులో భాగంగా నా పాఠాన్ని ఫోనులో రికార్డు చేసి పంపాల్సి వచ్చింది. గది వెనుక అల్మరా మీద ఫోను నిలబెట్టాను. ఆ రాత్రి నా పాఠాన్ని నేనే చూస్తూ, ప్రశ్న ముగిసిన క్షణం నుంచి గడియారం పట్టుకుని లెక్కపెట్టాను. చాలా ప్రశ్నలకు ఒక్క సెకను కూడా ఆగలేదు. ఎడమవైపు రెండో వరుసలో ఒక అబ్బాయి నోరు తెరవబోయి, నేను ప్రశ్నను మరోలా అడగడం మొదలుపెట్టగానే నోరు మూసుకున్నాడు. తరగతిలో ఉన్నప్పుడు ఆ అబ్బాయిని నేను చూడనే లేదు. వీడియోను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. అన్నేళ్లుగా నేను పదిమందికి చెప్పిన సంగతి నా పాఠంలో లేదని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఈ మార్గాన్ని క్రమపద్ధతిలో వాడిన కార్యక్రమం ఒకటి అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో రూపొందింది. ఉపాధ్యాయులు తమ పాఠాలను చిత్రీకరించి పంపుతారు. దూరాన ఉన్న సలహాదారు అందులోంచి చిన్నచిన్న భాగాలను ఎంచి, వాటి మీద ప్రశ్నలు రాసి తిరిగి పంపుతారు, ఆ తర్వాత ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు. ఉన్నత తరగతుల ఉపాధ్యాయులు 78 మందితో చేసిన ప్రయోగ ఫలితాలు 2011లో ‘సైన్స్’ అనే పరిశోధన పత్రికలో వచ్చాయి. శిక్షణ ముగిసిన మరుసటి ఏడాదికి, నూరుమందిలో యాభయ్యో మెట్టు మీద ఉండే సగటు విద్యార్థి యాభైతొమ్మిదో మెట్టుకు చేరినంత ప్రగతి కనిపించింది. సలహాదారు ఆ బడికి అడుగైనా పెట్టనక్కర్లేకపోయింది. ఫలితం మరుసటి ఏడాది కనిపించిందన్న మాటను దయచేసి గమనించండి, శిక్షణ ముగిసిన వారానికే నివేదిక అడిగే అధికారులు కూడా గమనించాలి.

దీనికి ఎదురుగా మరో అనుభవం ఉంది. దక్షిణాఫ్రికాలో ఇంగ్లిషును రెండో భాషగా చెప్పే ప్రాథమికోపాధ్యాయులకు ఒక జట్టులో బడికి వెళ్లి మార్గదర్శనం చేశారు, మరో జట్టులో దూరంనుంచే ఎలక్ట్రానిక్ పరికరాల ద్వారా చేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే, మార్గదర్శకులు స్వయంగా వెళ్లిన బడుల్లో పిల్లల ఇంగ్లిషు మాట, చదువు రెండూ మెరుగుపడ్డాయి. దూరంనుంచి చేసిన చోట మాట కొంత మెరుగుపడిందిగానీ ఇంగ్లిషు చదవడంలో మార్పు లేదు. పైగా మాతృభాషలో చదువు దెబ్బతింది, ఎందుకంటే మాతృభాషకు కేటాయించిన సమయాన్ని ఇంగ్లిషు మింగేసింది. సాంకేతిక పరికరాలు పనిచేయకపోవడం దీనికి కారణం కాదని, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు కలిగే బాధ్యత, ఆసరా దూరంనుంచి కలగలేదని పరిశోధకులు భావించారు.

ఈ రెండు అనుభవాలూ చాలాకాలం నన్ను ఆలోచింపజేశాయి. దేశాలు వేరు, తరగతులు వేరు కాబట్టి నేరుగా పోల్చడం తగదు. అయినా నాకు తోచింది చెబుతాను. మొదటిదాంట్లో సలహాదారు దూరంగా ఉన్నా తరగతి గదిని కళ్లారా చూశారు, పిల్లల ముఖాలు చూశారు, మాట్లాడిన ప్రతి మాటకూ ఎదుట ఒక దృశ్యం ఉంది. రెండోదాంట్లో ఒక సబ్జెక్టు మీద దూరంనుంచి పెట్టిన ఒత్తిడి మరో సబ్జెక్టు గంటను తినేస్తుంటే, గది గుమ్మంలో నిలబడి చూసే మనిషి లేకపోయారు.

తరగతిని చిత్రీకరించడం అనగానే మీలో కొందరికి కలిగే సంకోచం నాకు తెలుసు, అది న్యాయమైనదే. ఆ వీడియో ఎవరి చేతికి వెళుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది, దాన్ని చూసి ఇంక్రిమెంటు ఆపుతారా, బదిలీ చేస్తారా అన్న భయముంటే ఏ ఉపాధ్యాయుడూ తన బలహీనమైన పాఠాన్ని పంపడు, ముందే రెండుసార్లు పిల్లలతో సాధన చేయించిన పాఠాన్ని పంపుతాడు. అలాంటి వీడియో వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. అందువల్ల శిక్షణకోసం తీసిన వీడియోను మూల్యాంకనానికి వాడబోమని రాతపూర్వకంగా హామీ ఉండాలి. పిల్లల తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, వద్దన్నవారి పిల్లలను కెమెరాకు వెనుక కూర్చోబెట్టాలి, కోర్సు ముగియగానే వీడియోను తొలగించాలి. ఈ ఏర్పాట్లకు డబ్బు పెద్దగా ఖర్చు కాదు, కానీ వీటిని ముందే ఆలోచించిన నిర్వాహకులు నాకు అరుదుగా కనిపించారు.

ఇప్పుడు నన్ను ఎవరైనా ఫలానా కోర్సులో చేరమంటారా అని అడిగితే, శిక్షకుడి పేరు, సంస్థ పేరు తర్వాత చూస్తాను. మొదటి తరగతికి, రెండో తరగతికి మధ్య నా పిల్లలతో చేయవలసిన పని ఏదైనా ఇస్తారా, చేసి తెచ్చినదాన్ని ఎవరైనా చూస్తారా, చూసి నాతో మాట్లాడతారా అని అడుగుతాను. అవునంటే వారానికి గంటన్నర ఇవ్వడానికి నేను సిద్ధం. లేదంటే ఆ వీడియోలను పుస్తకాల్లాగే చూస్తాను, కావలసినప్పుడు కావలసిన పేజీ తెరుస్తాను, అంతకంటే ఎక్కువ వాటినుంచి ఆశించను. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం వేరు. మీ బడిలో ముగ్గురు ఉపాధ్యాయులు ఒకే ఆన్‌లైన్ కోర్సులో చేరితే, వారి ముగ్గురికీ వారంలో ఒకే పీరియడ్ ఖాళీ వచ్చేలా టైమ్‌టేబుల్ వేయండి. ఆ నలభై నిమిషాలు వారు ఒకే వీడియోను కలిసి చూడవచ్చు, ఒకరి పాఠం గురించి ఒకరు మాట్లాడుకోవచ్చు. జాయిస్, షవర్స్ చెప్పిన ఆ చివరి మెట్టు దగ్గర తోడుండే మనిషి చాలాసార్లు పక్క గదిలోనే ఉంటారు.

మరొక్క మాటతో ముగిస్తాను. కాగితపు పట్టీల పాఠాన్ని ఈ ఏడాది మళ్లీ చెప్పాను. మూడు భాగాలుగా మడవమన్నాను. ఎప్పటిలాగే సగంమంది సగాన్ని మళ్లీ సగం చేశారు. ఈసారి నేను పట్టీలు వెనక్కి తీసుకోలేదు. మీ మూడు ముక్కలను ముగ్గురికి పంచితే ఎవరైనా గొడవపడతారా అని అడిగి, మూడు సెకన్లు మనసులో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. వెనుక వరుసలోంచి ఒక పిల్లవాడు తన పట్టీని విప్పి మళ్లీ మడవడం మొదలుపెట్టాడు.

మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను. నమస్కారం.